ఒంటిచక్రం బండికి దారి

టెమ్‌బ్రిజ్,
మార్చి 6, 1978

తమ్ముడు మెర్విన్‌కి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు రాయలేదని అలగకు. మంచి కబురొకటి ఖాయమయ్యేదాకా కలం పట్టకూడదని ఆగాను.

మా ఇంటి యజమానురాలు మిస్ ట్రాంటర్ మేనల్లుడు నాకు ఇల్లు అమ్ముతానని రాశాడు! ముప్పై ఏళ్ళుగా అద్దెకుంటున్నదాన్నని మొదట నన్నే అడుగుతున్నాడట. జనవరిలో ఆవిడ అంత్యక్రియలయ్యాక చాపెల్ హాల్లో, టీ బల్ల దగ్గర నువ్వు అరగంటసేపు మాట్లాడావే, ఆ సన్నమీసాలాయనే. నువ్వేం మంత్రం వేశావో గానీ, మీ తమ్ముడు చాలా తెలిసిన మనిషండీ అని ఉత్తరంలో రెండుసార్లు రాశాడు. మీ బావ దాచిపెట్టి పోయినదీ, స్కూలు వంటగదిలో ఇరవై రెండేళ్ళు గరిటె తిప్పి నేను వెనకేసుకున్నదీ కలిపితే ఇంటికి సరిపోతుంది. యాభై ఎనిమిదేళ్ళకి సొంత గడప! మీ బావ వేసిన పదకొండు డామ్సన్ ప్లమ్ పళ్ళ చెట్లూ ఇక నావే. ఈ ఏడు పూత విరగబూస్తుందని మనసు చెబుతోంది.

అయితే మొన్న శుక్రవారం లాయరు గ్విల్ట్ గారి ఆఫీసులో మాత్రం నా మొహాన నీళ్ళు కొట్టినట్టయింది. నాన్న పోయినప్పుడు, మీ బావ గ్లిన్ పోయినప్పుడు, ప్రతి కాగితం ఆయన చేతిమీదే కదా నడిచింది. ఆయన పద్ధతి నీకూ తెలుసు. ఇల్లు కొనేవాళ్ళని రబ్బరు బూట్లు తొడుక్కోమని, చేతికి పటం ఇచ్చి, కంచె వెంట చుట్టూ నడిపించి, ప్రతి మూలరాయినీ ముట్టుకోమంటాడు. బూట్లకి బురద అంటనిదే ఇల్లు నీది కాదని ఈ ఊళ్ళో సామెత పుట్టిందే ఆయన వల్ల. నేను ఆ బూట్లు సంచిలో పెట్టుకుని మరీ వెళ్ళాను. రెండు పనులమీద వెళ్ళాను. ఒకటి ఇంటి కొనుగోలు. రెండోది నీకు తర్వాత చెప్తాను, ఇప్పుడడక్కు.

రెండు పనులూ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ తీశాడు. "హెస్టరమ్మా, ఇవి రెండూ నేను చేయలేను. ఎందుకని అడక్కు, చెప్పే వీల్లేదు" అన్నాడు. తలుపుదాకా వచ్చి, "ఎవరిని పెట్టుకున్నా ఊళ్ళోవాళ్ళనే పెట్టుకో. హద్దుల వెంట నడవకుండా మాత్రం సంతకం చేయకు" అని కూడా అన్నాడు. తను చేయడు గానీ సలహాకి తక్కువ లేదు. వంటమనిషి ఇంటి కాగితాలు చూడటం ఆయన హోదాకి తక్కువనుకున్నాడు కాబోలు. మెట్లు దిగుతుంటే కళ్ళు మసకలు కమ్మాయి.

చౌకు అవతల మిస్ కార్‌ఫీల్డ్ అని కొత్త లాయరమ్మ బోర్డు పెట్టింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఆవిడ దగ్గరికి వెళ్ళనా? నువ్వేమంటావ్? నాకింకెవరున్నారు అడగడానికి.

మరదలు డొరీన్‌కి నా ముద్దులు. నీ అచ్చు ప్రెస్సులో పని ఎలా ఉంది?

నీ అక్క
హెస్టర్


బర్మింగ్‌హామ్,
మార్చి 11

అక్కా,

కబురు విని గంతేశాను. ఆ ఇల్లు నీది కాకపోతే ఇంకెవరిది?

గ్విల్ట్ సంగతి పట్టించుకోకు. ముసలాయనకి చేతకాని రోజులొచ్చాయి. ఆయనే కాదు, ఊరి లాయర్లంతా అంతే. పొద్దున నువ్వు చెప్పింది సాయంత్రానికి పబ్బులో వినపడుతుంది. ఆ కార్‌ఫీల్డ్ పిల్ల నీ కాగితాలమీద అక్షరాలు దిద్దుకుంటుంది, అంతకన్నా ఏం లేదు. ఈ బూట్లు, బురద, మూలరాళ్ళు అన్నీ మన తాతల కాలం ముచ్చట్లు. ఇప్పుడు ఇల్లు కొనేది కాగితం మీద, కంచె మీద కాదు.

నాకు ఇక్కడ హార్గ్రీవ్ అని ఒక లాయరు తెలుసు. పెద్ద ఆఫీసు, రోజుకి పది ఇళ్ళ అమ్మకాలు కానిచ్చేస్తారు. అంతా పోస్టులోనే జరిగిపోతుంది. నువ్వు గడప దాటక్కర్లేదు. నీ పేరు చెప్పి మాట్లాడి ఉంచాను.

ప్రెస్సు నడుస్తోంది. ఆ రెండో పని ఏమిటి? చెప్పకుండా ఊరిస్తావేం?

నీ తమ్ముడు
మెర్విన్


టెమ్‌బ్రిజ్,
మార్చి 20

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే హార్గ్రీవ్ గారికి రాశాను. చదువుకున్నవాడివి, పట్నంలో నలుగురిలో తిరిగేవాడివి, నీ మాట కాదని నేనేం బావుకుంటాను.

నిన్న చాపెల్లో గ్విల్ట్ గారు ఎదురుపడ్డాడు. టోపీ తీశాడు. నేను కీర్తనల పుస్తకంలో తల దూర్చేశాను. బయటికొచ్చాక మెట్ల దగ్గర నాకోసమే నిలబడ్డట్టు అనిపించింది, కానీ ఏమీ అనలేదు. చెప్పలేనివాడు ఎదురు చూడటం ఎందుకు? పక్కింటి ఐవీ అడిగింది, ఏమైంది మీ ఇద్దరికీ అని. చెప్పేశాను. పెద్దవాళ్ళ కాగితాలైతే పరుగెత్తేవాడు, మనలాంటివాళ్ళంటే లెక్కలేదన్నాను. ఐవీకి చెబితే ఊరికి చెప్పినట్టేనని తెలిసే చెప్పాను. కోపం అలా ఉంది మరి.

రెండో పని గురించి అడిగావు. ఇల్లు చేతికొచ్చాక, నువ్వొచ్చినప్పుడు, డామ్సన్ పళ్ళు కూరిన తీపి రొట్టె చేసి పెట్టి, అప్పుడు చెబుతా. నీకు నచ్చే విషయమే.

నీ మాట వినే
అక్క


బర్మింగ్‌హామ్,
మార్చి 27

అక్కా,

మంచి పని చేశావు. గ్విల్ట్‌తో మాట్లాడకపోవడమే మంచిది. ఆయన ఏం చెప్పినా చెవిన వేసుకోకు, ఎదురు పడితే పక్కకి తప్పుకో. పనిలో ఉన్నాను, క్లుప్తంగా రాస్తున్నందుకు ఏమనుకోకు.

మె.


టెమ్‌బ్రిజ్,
జూన్ 2

తమ్ముడూ,

హార్గ్రీవ్ గారి కాగితాలొచ్చాయి. ఇంత కట్ట! కింద పడితే కాలివేలు చితుకుతుంది. ఆయన మొహం నేను చూడలేదు, నా మొహం ఆయన చూడలేదు. సంతకం చేసేచోట పెన్సిలుతో గుర్తులు పెట్టి పంపారు.

ఒక వాక్యం చదివి ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను. పళ్ళతోట యజమాని, బొగ్గుల కొట్టు పక్కనున్న నా వాకిట్లోంచి కాలినడకనా, ఒంటిచక్రం బండితోనూ, పళ్ళు కోసుకుపోవడానికి మాత్రం వెళ్ళి రావచ్చట. ఒరేయ్, వాకిలీ నాదే, తోటా నాదే. నా వాకిట్లోంచి నా బండి తోసుకుపోవడానికి నాకే అనుమతి! ఇదేమిటని రాస్తే, పాత దస్తావేజులోంచి వచ్చిన మాట, కంగారు పడక్కర్లేదని ఆయన గుమాస్తా జవాబిచ్చింది.

నవ్వొచ్చిందేగానీ, పటం చూస్తే కొంచెం గుబులేసింది. తపాలా బిళ్ళంత ఉంది. ఇంటి చుట్టూ ఎర్రగీత గీశారు. వెనకవైపు గీత మన చివరి కంచె అనుకున్నాను. కానీ కాసేపు చూస్తే, బట్టలారేసే తీగ ఉందే, అక్కడే ఆగిపోయినట్టనిపిస్తోంది. నాకు పటాలు చదవడం రాదు. ఏది ఉత్తరమో ఏది దక్షిణమో తెలిసి చావదు. గ్విల్ట్ గారైతే నడిపించి చూపించేవాడు. అడగడానికి మొహం లేకుండా చేసుకున్నాను.

నకలు దీంతోపాటు పంపిస్తున్నాను. ఈ తోటలో నువ్వు చెట్లెక్కి దిగావు, నాకంటే నీకే బాగా తెలుసు. గీత సరిగ్గా ఉందో లేదో చూసి రాయి. నువ్వు సరే అన్నాకే సంతకం పెడతా.

అక్క


[తపాలా కార్డు. వెనక బర్మింగ్‌హామ్ టౌన్ హాలు బొమ్మ.]

జూన్ 6

అక్కా, పటం చూశాను. అంతా సరిగ్గా ఉంది. నిశ్చింతగా సంతకం పెట్టు. మె.


టెమ్‌బ్రిజ్,
సెప్టెంబరు 4

తమ్ముడూ,

ఇంటి తాళం నాదై పది వారాలైంది, నువ్వింకా రాలేదు. నువ్వొస్తే చెబుదామని ఎన్ని దాచుకున్నానో. ఇప్పుడు చెప్పాల్సింది వేరే.

నిన్న పొద్దున బుట్ట తీసుకుని డామ్సన్లు కోద్దామని వెళ్ళాను. చెట్లు నల్లగా పళ్ళతో వంగిపోయి ఉన్నాయి. బట్టల తీగ అవతల గడ్డిలో మేకులు పాతి ఉన్నాయి, ఎర్ర గుడ్డపీలికలు కట్టి. ఒకటి మీ బావ అంటు కట్టిన చెట్టు మొదట్లోనే. ఎవడో మనిషి టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. ఇదేం పని, ఇది నా తోట అన్నాను. కాదమ్మా, మీది ఆ తీగ దాకానే, జూలైలోనే వేరేవాళ్ళకి అమ్ముడైంది అన్నాడు. ఎవరికి అంటే తెలియదన్నాడు, తనకి కొలతల కాగితం ఒక్కటే ఇచ్చారట.

బుట్ట అక్కడే వదిలేసి వచ్చాను.

నువ్వు పటం చూసి సరిగ్గా ఉందన్నావు. పాపం నీకూ తెలిసుండదు, అంత చిన్న బొమ్మలో ఎవరికి తెలుస్తుంది. నిన్ననడం లేదు. నాకు తెలిసిపోయింది ఇది ఎవరి పనో. గ్విల్ట్! అందుకే నా పని చేయనన్నాడు. తోట ఎవరో డబ్బున్నవాడికి ఇప్పిస్తున్నాడు అప్పటికే. తడిగుడ్డతో గొంతు కోశాడు ముసలాడు. ఇవాళ సంతలో, జున్ను కొట్టు ముందు, అందరూ వింటుండగా అడిగేశాను: నా మొగుడు నాటిన చెట్లు ఎవరికి అమ్మావయ్యా, ఎంత ముట్టింది నీకు అని. ఆయన మొహం తెల్లబోయింది. అప్పటికీ నోరు విప్పలేదు. టోపీ చేత్తో పట్టుకుని, నేను తిట్టడం అయ్యేదాకా నిలబడి, వెళ్ళిపోయాడు.

నువ్వు హార్గ్రీవ్ గారిని కలిసి, కొన్నవాడెవడో కనుక్కో. వాడి కాళ్ళయినా పట్టుకుంటాను. నా దగ్గర ఇక కొనే శక్తి లేదు. కానీ ఆ చెట్లు కొట్టేస్తే నేను ఈ ఇంట్లో ఎందుకున్నట్టు?

త్వరగా రాయి.

అక్క


బర్మింగ్‌హామ్,
సెప్టెంబరు 12

అక్కా,

విని బాధపడ్డాను. కంగారు పడకు, ఆరోగ్యం జాగ్రత్త.

హార్గ్రీవ్‌ని అడిగాను. కొన్నదెవరో ఆయనకీ తెలియదట. ఎవరైనా గానీ, చెడ్డవాళ్ళే అని ఎందుకనుకోవాలి? బహుశా మంచివాళ్ళే అయ్యుంటారు. రెండు చిన్న ఇళ్ళు వేస్తారేమో, నీకూ ఇరుగుపొరుగు ఉంటుంది. వాళ్ళు దారి అడిగితే మొండికెయ్యకు. వాకిట్లోంచి కాస్త వెడల్పుగా దారి ఇవ్వమని ఎవరైనా కాగితం తెస్తే సంతకం పెట్టెయ్యి. గొడవ పెట్టుకుంటే ఒంటరిదానివి, నీకే కష్టం. ఆ కాగితం నాకొకసారి పంపితే నేను చూసిపెడతాను.

నీ తమ్ముడు
మెర్విన్


టెమ్‌బ్రిజ్,
సెప్టెంబరు 19

మెర్విన్,

దారి అడుగుతారని నేను నీకు రాయలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వాళ్ళు దారి అడుగుతారని, రెండు ఇళ్ళు వేస్తారని, వాకిలి వెడల్పు చాలదని నీకెవరు చెప్పారు? నేను మేకుల గురించే రాశాను.

టేపు మనిషి మొన్న మళ్ళీ వచ్చాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగాడు. టీ పెట్టి, వంటగదిలో కూర్చోబెట్టి ఒక మాట అడిగాను: జీతం ఎవరు పంపుతారు బాబూ, నీకు ఉత్తరం రాసేదెవరు అని. జేబులోంచి కవరు తీశాడు. అందులో ఎవరి పేరుందో చదవక్కర్లేకపోయింది. కవరు మీది చేతిరాత చాలు. ఆ చేతికి అక్షరాలు నేర్పింది నేను. బి రాసేటప్పుడు పొట్ట పైకి పోతుందని ఎన్నిసార్లు కొట్టానో నీకు గుర్తుండకపోవచ్చు. బ్రీజ్ అని మన ఇంటిపేరు రాసేటప్పుడు నీకిప్పటికీ అలాగే వస్తుంది.

ఆ మనిషి ముందు ఏడవలేదు. టీలో చక్కెర వేసిచ్చాను, వెళ్ళిపోయాడు.

జూన్‌లో నువ్వు రాసిన కార్డు నా ముందుంది. "పటం చూశాను. అంతా సరిగ్గా ఉంది." చూసే రాశావు. సరిగ్గానే ఉంది, నీకు.

ఏం రాస్తావో రాయి.

హెస్టర్


బర్మింగ్‌హామ్,
సెప్టెంబరు 25

అక్కా, అక్కా,

నన్ను తిట్టు, పడతాను. కానీ ఒక్కసారి విను.

ప్రెస్సు మునిగిపోతోంది. ఏడాదిగా డొరీన్‌కి కూడా చెప్పలేదు. ఆ అంత్యక్రియలనాడు మేనల్లుడు తోట విడిగా అమ్ముతానన్నాడు. ఏ కాగితంలోనూ ఆ తోట నీ అద్దెలో లేదక్కా. మిస్ ట్రాంటర్ మంచితనంకొద్దీ వాడుకోనిచ్చింది, అంతే. ఎవడో పరాయివాడు కొనేకన్నా మనింట్లోనే ఉంటే మంచిది కదా అనుకున్నాను. రెండు ఇళ్ళు కట్టి అమ్మితే నేను గట్టెక్కుతాను. అప్పుడు నీకు చెబుదామనుకున్నాను. ముందే చెబితే నువ్వు బాధపడతావని ఆగాను.

గ్విల్ట్ దగ్గరికి నేనే ముందు వెళ్ళాను, నిజమే. ఆ నేల పాత కాగితాలన్నీ ఆయన పెట్టెలోనే ఉన్నాయి, ఆ చిక్కుముడి ఇంకెవరికీ అర్థం కాదు. నా పని ఒప్పుకున్నాక నీది ఒప్పుకోకూడదు కదా, అది వాళ్ళ నియమం. నా సంగతి నీకు చెప్పకూడదు, అదీ నియమమే. ఆయన మొదట్లోనే నన్ను హెచ్చరించాడు. తోట చుట్టూ ఒక పక్క చాపెల్ సమాధులు, ఒక పక్క వాగు, ఒక పక్క రైతు పొలం. నీ వాకిట్లోంచి తప్ప దారి లేదు. ఉన్న దారి హక్కు ఒంటిచక్రం బండికే. ఇటుకల లారీ రావాలంటే అమ్మేవాడి చేత ఇప్పుడే వెడల్పు దారి రాయించుకో, రెండు కాగితాల్లోనూ అది పడాలి అన్నాడు. నీ కాగితాల్లో పడితే నీకు తెలిసిపోతుంది కదా. అందుకే వద్దన్నాను. రమ్మన్నా హద్దులు నడవడానికి కూడా రాలేదు, నువ్వు కిటికీలోంచి చూస్తావని. ఆ ఇల్లు కొనేది మా అక్కేనండీ, ఆమె నన్ను కాదనదు అని చెప్పాను ఆయనకి.

నువ్వు కాదనవు కదా? దీంతో కాగితం పంపుతున్నాను. కింద పెన్సిలు గుర్తు దగ్గర సంతకం పెడితే చాలు. బావ చెట్టు ఒకటి ఉంచేస్తాను, ప్రమాణం.

నీ
మెర్విన్


టెమ్‌బ్రిజ్,
అక్టోబరు 9

మిస్టర్ బ్రీజ్ గారికి,

మీరు పంపిన కాగితం అందింది. పెన్సిలు గుర్తు కూడా కనపడింది.

ఇలా మీరు అని రాస్తుంటే నాకే కలం సాగడం లేదు. ఆ పిలుపు పైన అలాగే ఉండనీ, కింద నాకు అలవాటైనట్టే రాస్తాను. కోపం వచ్చినప్పుడల్లా నిన్ను ఒరేయ్ అన్నాను. ఇప్పుడున్నది కోపం కాదు.

నాలుగు రోజులు ఏం చేయాలో తెలియక పడుకున్నాను. ఐదో రోజు లేచి, ఒక సీసా జామ్ పట్టుకుని గ్విల్ట్ గారి ఆఫీసుకి వెళ్ళాను. నాకు క్షమాపణ అడగడం రాదు, నీకు తెలుసు. జామ్ బల్లమీద పెట్టి నిలబడ్డాను. ఆయన కూర్చోమన్నాడు. సంతలో అన్ని మాటలన్నానే, ఒక్కసారి నోరు విప్పి ఉంటే సరిపోయేది కదండీ అన్నాను. "నా నోట్లో ఉన్నది నాది కాదమ్మా, ఇంకొకరిది" అన్నాడు. అంతే. ఊరంతా ఆయన్ని దొంగలా చూస్తుంటే నెలరోజులు మోశాడు ఆ మనిషి. నీ కోసం. నువ్వు ఆయనకి ఏమీ కావు, నాకు కడుపున పుట్టకపోయినా పుట్టినంత. మాట నిలబెట్టుకున్నది ఆయన.

నా పని చేయమని మళ్ళీ అడిగాను. మళ్ళీ చేయనన్నాడు. ఈసారి నాకు బాధ కలగలేదు. మెట్లు దిగుతూ ఊళ్ళోవాళ్ళనే పెట్టుకోమన్న మాట గుర్తొచ్చి, చౌకు దాటి మిస్ కార్‌ఫీల్డ్ తలుపు తట్టాను. అక్షరాలు దిద్దుకుంటుందన్నావే, ఆ పిల్లే. మర్నాడు పొద్దున రబ్బరు బూట్లు తొడుక్కుని, పటం పట్టుకుని, వానలోనే వచ్చింది. ఇది నేను సంతకం పెట్టకముందు చేయాల్సిందమ్మా అన్నాను. ఇప్పుడైనా మీది ఎంతో మీ కాళ్ళకి తెలియాలి అంది. చుట్టూ నడిచాం. మూలరాళ్ళు ముట్టుకున్నాం. బట్టల తీగ దగ్గర ఆగిపోయాం. నా హద్దు అక్కడే. నా బూట్లకి బురదైంది, ఇక ఇల్లు నాదే.

ఊరి లాయరు వద్దు, పబ్బులో వినపడుతుంది అని నాకు చెప్పి, నీకోసం మాత్రం ఊరి లాయరు దగ్గరికే వెళ్ళావు. అది నేను మరిచిపోగలను. పటం సంగతీ ఎప్పటికైనా మరుస్తానేమో. ఆమె నన్ను కాదనదు అని చెప్పావు చూడు, అది మరవలేను. నువ్వు కొన్నది తోట కాదు. నా మెత్తదనాన్ని కొన్నాననుకున్నావు, అదీ నన్నడక్కుండా.

ఆ రెండో పని ఏమిటో నీకు చెబుతానన్నాను. మార్చిలో నేను గ్విల్ట్ గారి దగ్గరికి తీసుకెళ్ళింది నా వీలునామా. ఇల్లు, తోట, చెట్లు, నా తర్వాత అంతా నా తమ్ముడు మెర్విన్‌కి అని రాయమన్నాను. అందుకే ఆయన కళ్ళజోడు రెండుసార్లు తీశాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగకముందే పెట్టబోయాను నేను. ప్రెస్సు మునిగిపోతోందక్కా అని ఒక్క ఉత్తరం రాసి ఉంటే, చెట్లు కొట్టెయ్, ఇళ్ళు కట్టుకో అని నేనే అనేదాన్ని. గ్లిన్ కూడా అదే అనేవాడు.

వాకిలి వెడల్పు చేయడానికి నేను ఒప్పుకోను. సంతకం లేకుండా నీ కాగితం తిప్పి పంపుతున్నాను. దారి గురించి ఇంకేం రాయాలన్నా మిస్ కార్‌ఫీల్డ్‌కి రాయి.

ఉన్న హక్కు మాత్రం నీదే. అది ఎవరూ కాదనలేరు, నేనూ కాదనను. డామ్సన్లు కొన్ని రాలిపోయాయి, కొన్ని ఇంకా కొమ్మల మీదే ఉన్నాయి. వాకిలి గేటుకి తాళం వెయ్యను. ఒంటిచక్రం బండి బొగ్గుల కొట్టు వెనకుంది, కావాలంటే తీసుకో. నడిచి వచ్చి, కోసుకుని, నడిచి వెళ్ళు. నేను వంటగదిలోనే ఉంటాను. బయటికి రాను.

హెస్టర్ జ్యూక్స్